జన్యుమార్పిడి దోమలను గాల్లోకి వదలొచ్చా?

తూనీగ:
డెంగీని ఆపడానికి ల్యాబ్‌లో జన్యువు మార్చిన దోమలను వదులుతున్నారు. 2021లో అమెరికాలోని ఫ్లోరిడా కీస్ దీవుల్లో ఆక్సిటెక్ కంపెనీ ఆ పనే చేసింది. నాకైతే ఇది కొరివితో తల గోక్కోవడమే. రేపు ఏదైనా తేడా కొడితే ఎగిరిపోయిన దోమను ఎవరు పట్టుకొస్తారు?

సూక్ష్మదర్శి:
తూనీగ గారూ, కుట్టేది ఆడదోమే. మగది తేనె, మొక్కల రసాలు తాగి బతుకుతుంది. ఫ్లోరిడాలో గుడ్లున్న పెట్టెలు పెట్టి నీళ్ళు పోశారు. అందులోంచి మగవే బయటికొచ్చాయి. ల్యాబ్‌లో చొప్పించిన జన్యువు వల్ల వాటికి పుట్టే ఆడపిల్లలు లార్వా దశలోనే చస్తాయి. మగపిల్లలు బతుకుతాయి గానీ, ఆ జన్యువు వాటి సంతానంలో సగానికే వెళ్తుంది. అలా తరిగి తరిగి కొన్ని తరాల్లో మాయమవుతుంది. పట్టుకురావాల్సిన పనే లేదు.

పాతకాపు:
బ్రెజిల్‌లోని జకోబినాలో 2013 నుంచి 2015 దాకా ఆక్సిటెక్ దోమల పాత రకాన్ని వదిలినప్పుడూ ఇలాంటి భరోసాలే ఇచ్చారు, పిల్లలేవీ మిగలవని. ల్యాబ్‌లోనే 3-4 శాతం బతుకుతాయని వాళ్ళకు తెలుసు. 2019లో వచ్చిన ఓ పరిశోధన పేపర్ ప్రకారం అక్కడి దోమల్లో ల్యాబ్ దోమల వారసత్వం కనబడింది. దీనికేమంటారు?

సూక్ష్మదర్శి:
కనబడింది, కాదనను. కానీ అది చొప్పించిన జన్యువు కాదండీ, ల్యాబ్ దోమల మామూలు జన్యువులు. దానివల్ల దోమలు మరింత మొండివయ్యాయన్న ఊహకు ఆధారం లేదు. ఆ పేపర్ వేసిన సైన్సు పత్రికే 2020లో దానిపై ఆందోళన తెలుపుతూ నోట్ జతచేసింది. అయితే జనానికి "ఏవీ మిగలవు" అన్న ధీమా ఇచ్చి ఉంటే అది తప్పే. నిజం చెప్పి ఒప్పించాల్సింది.

తూనీగ:
సరే, తరిగిపోయే రకమైతే కొంత నయం. మరి జీన్ డ్రైవ్ సంగతి, అదే, జన్యువు సగానికి కాకుండా దాదాపు పిల్లలన్నిటికీ వెళ్ళేలా చేసే పద్ధతి? 2018లో లండన్ పరిశోధకులు పంజరాల్లో మలేరియా దోమలపై ప్రయోగిస్తే 7 నుంచి 11 తరాల్లో గుడ్లు పెట్టడమే ఆగిపోయింది. అది తరిగేది కాదు, పాకేది. దోమకు సరిహద్దు తెలియదు కదా, ఒక దేశం ఒప్పుకుంటే పక్క దేశం ఒప్పుకున్నట్టేనా?

సూక్ష్మదర్శి:
అక్కడ నాకూ టెన్షనే. ఇప్పటిదాకా జీన్ డ్రైవ్ దోమను ఎక్కడా బయటికి వదల్లేదు. ఆ దారిలో తొలి మెట్టుగా 2019లో ఆఫ్రికాలోని బుర్కినా ఫాసోలో వదిలినవి కేవలం జన్యువు మార్చిన గొడ్డు మగదోమలు, అయినా 2025లో ప్రభుత్వం ఆ ప్రాజెక్టునే ఆపేసింది.

పాతకాపు:
అందుకే నేను వోల్బాకియా వైపు. దోమలోకి ఆ బ్యాక్టీరియాను ఎక్కిస్తారు, అంతే. అదుంటే దోమలో డెంగీ వైరస్ సరిగా పెరగదు. ఇండోనేషియాలోని యోగ్యకర్తాలో అలాంటి దోమలు వదిలిన చోట డెంగీ 77 శాతం తగ్గింది. జన్యుమార్పిడి గొడవే లేదు.

సూక్ష్మదర్శి:
పాతకాపు గారూ, మీరు భయపడేది పాకిపోయే దాని గురించే కదా! వోల్బాకియా పనిచేసేదే అలా: తల్లి నుంచి పిల్లలకు అంటుకుంటూ, ఊరి దోమలన్నిటికీ పాకి, అక్కడే ఉండిపోతుంది. ఆక్సిటెక్ దోమ వదలడం ఆపితే పోతుంది. మీ అభ్యంతరం పాకడం మీదా, "జన్యు" అన్న మాట మీదా?

పాతకాపు:
...ఇది ఆలోచించాలి. రేపు రాస్తా.