లాచ్ పడింది కానీ కప్లర్ కదులుతోంది, లాగొచ్చా?

డాలస్‌లో పాత ట్రైలర్ కొన్నాను. కప్లర్ (ట్రక్ బాల్ మీద కూర్చునే ట్రైలర్ ముందు భాగం) మీద సైజు తుప్పులో కనపడట్లేదు. నా ట్రక్‌కి ఉన్న 2 అంగుళాల బాల్ (ట్రైలర్ తగిలించే ఇనుప గుండు) పెడితే లాచ్ (కప్లర్ గొళ్ళెం) పడింది, కానీ కాస్త కదులుతోంది. పిల్లలతో హైవే ఎక్కాలి, టెన్షన్‌గా ఉంది.

జవాబు:
వద్దండి, ఆగండి! లాచ్ పడినంత మాత్రాన సరిపోయినట్టు కాదు. 2 5/16 అంగుళాల కప్లర్‌లో 2 అంగుళాల బాల్ కూడా కూర్చున్నట్టే ఉంటుంది, గుంతలో పడ్డప్పుడు ఊడిపోవచ్చు. వైర్ బ్రష్‌తో తుప్పు గీకి చూడండి, సైజు సాధారణంగా పైనే అచ్చు కొట్టి ఉంటుంది. లేకపోతే కింద బాల్ కూర్చునే గుంట లోపలి వెడల్పు అడ్డంగా కొలవండి, ఎక్కువగా దొరికేవి 1 7/8, 2, 2 5/16. బాల్ సైజు, అది లాగగల బరువు బాల్ మీదే రాసి ఉంటాయి.

ఇంకో జవాబు:
బాల్ సరిపోయినా, లాచ్‌కి పిన్ పెట్టి ట్రైలర్ జాక్‌తో ముందు భాగం పైకి లేపి చూడండి బ్రదర్. ట్రక్ వెనక భాగం కూడా దాంతోపాటు లేవాలి, కప్లర్ ఒక్కటే ఊడొస్తే బయల్దేరొద్దు. సేఫ్టీ చైన్లు కప్లర్ కింద ఒకదాని మీదుగా ఒకటి దాటించి తగిలించండి.

అడిగినవారు:
గీకితే 2 5/16 అని కనపడింది! రేపే బాల్ మారుస్తా, థాంక్స్ అండీ.