అప్‌డేట్: సయ్యద్ నయీముద్దీన్ గురించి నేనడిగిన ప్రశ్న

హైదరాబాద్ నుంచి ఎదిగి, ఫుట్‌బాల్‌లో డిఫెండర్‌గా (వెనుక ఉండి ప్రత్యర్థులను గోల్ చేయకుండా అడ్డుకునే ఆటగాడిగా) ఆడి, ఆ తరువాత కోచ్‌గా కూడా అంతే పేరు తెచ్చుకున్న వారెవరని గత నెల ఇక్కడ అడిగాను. ఎక్కువ మంది సయ్యద్ నయీముద్దీన్ పేరు చెప్పారు. అందరికీ కృతజ్ఞతలు.

ఆ సూచనతో కొంత చదివాను. 1970 బ్యాంకాక్ ఆసియా క్రీడల్లో కాంస్యం గెలిచిన భారత జట్టుకు ఆయనే కెప్టెన్ అని తెలిసినప్పుడు, మన నగరం దీనిని ఎంత త్వరగా మరిచిపోయిందో అనిపించి బాధ కలిగింది. ఆటగాడిగా అర్జున, శిక్షకుడిగా 1990లో ద్రోణాచార్య అందుకున్న ఆయన, కలకత్తాలో ఈస్ట్ బెంగాల్, మోహన్ బగాన్ క్లబ్బులకే కాక భారత జాతీయ జట్టుకూ శిక్షణ ఇచ్చారు, బంగ్లాదేశ్‌లోనూ పనిచేశారు.

డిఫెండర్ అనుభవం కోచ్‌కు ఎలా ఉపయోగపడుతుందన్నది నా రెండో ప్రశ్న. వెనుక నిలబడి ఆడేవాడికి మైదానమంతా కళ్ళ ముందే ఉంటుంది కనుక, ఎవరు ఎక్కడ ఖాళీ వదిలారో, ఎప్పుడు ముందుకు రావాలో, ఎప్పుడు ఆగాలో అతడు ప్రతి నిమిషం లెక్క వేసుకుంటూ తోటివారికి చెప్పవలసి వస్తుందని ఒకరు రాసిన సమాధానమే నాకు అన్నిటికన్నా సబబుగా తోచింది. మా అబ్బాయి కూడా డిఫెండరే. ఆ సమాధానాన్ని వాడికి చదివి వినిపించాను.