సీజన్ ముందు ఏది ముఖ్యం: బగ్గులా, స్పీడా?

చీనీతోట (అనంతపురం):
చీనీకాయల మండీకి బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ చేసిచ్చాం. మైఎస్‌క్యూఎల్ 5.7 డేటాబేస్, పాత సర్వర్, మామూలు హార్డ్ డిస్క్. వేలం అయిపోగానే కాటా చీటీలన్నీ ఒక్కసారే మీద పడతాయి. అప్పుడు సేవ్ నొక్కితే కదలదు. అందులో డేటా దాచే ఇన్నోడీబీ భాగపు లాగ్ ఫ్లష్ సెట్టింగును 1 (ప్రతి సేవ్‌కూ డిస్క్‌లోకి పంపడం) నుంచి 2కు (సుమారు సెకనుకోసారి పంపడం) మార్చి, స్పీడు కొలిచే టూల్ సిస్‌బెంచ్ నడిపితే అంకె ఎన్నో రెట్లు పెరిగింది. ఇంకో రెండు ఫిర్యాదులూ ఉన్నాయి. కరెంటు పోయినప్పుడు ఒక బిల్లు సగమే సేవ్ అయింది. రద్దు చేసిన బిల్లు నంబరే మరుసటి రోజు ఇంకో రైతుకు వచ్చింది. సీజన్ దగ్గర పడింది కాబట్టి ముందు స్పీడు ఇచ్చేసి, బగ్గులు తర్వాత చూద్దామని నా ఆలోచన. మా పార్ట్‌నర్ ఒప్పుకోవడం లేదు. మీరేమంటారు?

బురుజు (కర్నూలు):
2 పెట్టేయండి అన్నా. మెషిన్ ఆగితే మహా అయితే చివరి సెకను డేటా పోతుంది. యూపీఎస్ ఎలాగూ ఉంటుంది. ఉల్లి సీజన్‌లో మా మార్కెట్ యార్డు దగ్గర చూస్తుంటాను, బిల్లు చేతికి రాకపోతే రైతు బండి కదలదు. అక్కడ నిలబడ్డవాళ్లకు స్పీడే కావాలి.

పెన్నాతీరం (కడప):
బురుజు అన్నా, రైతు నిలబడే బాధ నిజమే. కానీ పోయే ఆ సెకనులో ఉన్నది ఎవరి బిల్లు? రైతు చేతిలో ప్రింటు ఉంటుంది, సర్వర్‌లో ఉండదు. డబ్బులకు వచ్చిన రోజు ఎవరి మాట చెల్లుతుంది? 2 పెడితే మైఎస్‌క్యూఎల్ ఒక్కటే పడిపోయినా ఏమీ కాదు. మెషినే ఆగిపోతే మాత్రం కమిట్ (పక్కాగా సేవ్) అయిందని చెప్పిన డేటా కూడా పోవచ్చు. యూపీఎస్ కరెంటు సంగతే చూస్తుంది. ఓఎస్ హ్యాంగైతే అదేం చేస్తుంది?

ఇక ఆ అంకె సంగతి. సిస్‌బెంచ్‌ను ఏమీ మార్చకుండా నడిపితే 10,000 వరుసలున్న ఒక్క టేబుల్ మీద 10 సెకన్లు నడుస్తుంది. అదంతా ర్యామ్‌లోనే పట్టేస్తుంది. మండీలో ఏళ్ల తరబడి పేరుకున్న డేటా మీద ఎలా ఉంటుందో దాంతో తెలియదు. సగటు వదిలేసి 95వ పర్సంటైల్ (వందలో 95 సేవ్‌లు ఎంతలోపు అయ్యాయో ఆ సమయం) చూడండి. కౌంటర్ దగ్గర తిట్లు పడేది ఆ ఆలస్యాలకే.

చీనీతోట గారూ, బిల్లులో ఒక్కో లైనూ విడిగా ఇన్‌సర్ట్ అవుతోందా? ఆటోకమిట్ (ప్రతి ఇన్‌సర్ట్‌కూ దానంతటదే కమిట్ కావడం) ఆన్‌లో ఉందా?

చీనీతోట:
అవునండీ. లాట్‌కు ఒక ఇన్‌సర్ట్. ఆటోకమిట్ ఆన్‌లోనే ఉంది.

పెన్నాతీరం:
అయితే మీ స్లో సమస్య, మీ సగం బిల్లు రెండూ ఒకటే బగ్. 7200 ఆర్‌పీఎం డిస్క్ సెకనుకు 120 చుట్లే తిరుగుతుంది. ప్రతి కమిట్ డిస్క్‌కు చేరేదాకా ఆగాలి. 30 లైన్ల బిల్లుకు 30 సార్లు ఆగుతున్నారు. మధ్యలో కరెంటు పోతే 17 లైన్లు ఉంటాయి, 13 ఉండవు. బిల్లు మొదట్లో స్టార్ట్ ట్రాన్సాక్షన్, చివర ఒక్క కమిట్ పెట్టండి. అప్పుడు బిల్లు మొత్తం సేవ్ అవుతుంది, లేదా అసలే కాదు. సెట్టింగు 1లోనే ఉండనివ్వండి.

నంబరు బగ్ మీది కాదు. 5.7లో ఆటో ఇంక్రిమెంట్ (వరుస నంబర్లు ఇచ్చే) లెక్క మెమరీలోనే ఉంటుంది. రాత్రి సర్వర్ ఆపి పొద్దున ఆన్ చేస్తే టేబుల్‌లో అన్నిటికన్నా పెద్ద నంబరు చూసుకుని దాని తర్వాతది ఇస్తుంది. చివరి బిల్లు డిలీట్ అయి ఉంటే అదే నంబరు మళ్లీ వస్తుంది. 2003లోనే 199వ బగ్‌గా నమోదైన ఈ సమస్య 8.0లో గానీ సరికాలేదు. 5.7కు సపోర్టు కూడా 2023 అక్టోబరులో ఆగిపోయింది. అయినా సీజన్ ముందు వెర్షన్ మార్చే సాహసం వద్దు. రద్దయిన బిల్లును డిలీట్ చేయకుండా స్టేటస్ మార్చండి, ఇప్పటికి చాలు.

బురుజు:
ఒక్క కమిట్ మాట ఒప్పుకుంటాను. అది చేశాక కూడా సేవ్ ఆగితే? కొత్త హార్డ్‌వేర్ అంటే ఓనర్లు ఒక పట్టాన ఒప్పుకోరు. అప్పుడు 2 తప్ప దారి లేదంటాను.

పెన్నాతీరం:
పవర్ లాస్ ప్రొటెక్షన్ (కరెంటు పోయినా రాస్తున్న డేటాను కాపాడే ఏర్పాటు) ఉన్న ఎస్ఎస్‌డీ ఒక్కటి చాలన్నా, సర్వర్ మొత్తం మార్చక్కర్లేదు. ఓనరుకు చెప్పే ఓపిక మనకే ఉండాలి.

చీనీతోట:
పోయిన సీజన్ డేటా కాపీ తీసి టెస్ట్ మెషిన్‌లో పెడుతున్నాం. కౌంటర్లన్నిటి నుంచీ ఒకేసారి సేవ్ చేయించి, మధ్యలో ప్లగ్ పీకి చూస్తాం. 1తోనూ 2తోనూ వచ్చిన అంకెలు ఇక్కడే పెడతాను.