టేబుల్ మారినప్పుడల్లా కోడ్ దిద్దాలా, మధ్యలో ఒక పొర ఉండాలా?

గోదావరి_గట్టు:
మా కస్టమర్ల టేబుల్ ఆరు నెలల్లో పదకొండు సార్లు మారింది. మారిన ప్రతిసారీ కోడ్ నలుమూలలా ఉన్న, డేటాబేస్‌తో మాట్లాడే ఎస్‌క్యూఎల్ క్వెరీలను వెతికి దిద్దడమే మా పని. అన్నిటినీ ఓఆర్ఎం (కోడ్‌లోని క్లాసులను టేబుళ్లతో జతచేసి, క్వెరీలు తనే రాసే లైబ్రరీ) చాటుకు చేరుద్దామని నేనంటే, డేటాబేస్‌కూ మనకూ మధ్యవర్తి ఎందుకని మా సీనియర్ అంటారు. మీరెటు?

పాత_కాపు:
నేను మీ సీనియర్ వైపే. మైఎస్‌క్యూఎల్ డేటాబేస్ మీద హైబర్నేట్ అనే జావా ఓఆర్ఎం వాడేవాళ్లం. స్కీమాను, అంటే టేబుళ్ల నిర్మాణాన్ని, తనంతట తానే సరిచేసే ‘అప్‌డేట్’ అమరిక పెట్టుకుని హాయిగా ఉన్నాం. ఒకరోజు కోడ్‌లోని కస్టమర్ క్లాసులో ‘ఫోన్’ను ‘మొబైల్’ అని మార్చాను. అది పేరు మార్పని దానికెలా తెలుస్తుంది? ‘మొబైల్’ అని ఖాళీ కాలమ్ చేర్చి ఊరుకుంది. పాత ‘ఫోన్’ నంబర్లతో సహా అక్కడే ఉంది, నల్ (ఖాళీ) కాకూడదన్న షరతూ అలాగే ఉంది. కోడ్ ఇక ‘ఫోన్’ను నింపదు కదా, దాంతో కొత్త కస్టమర్ ఒక్కరూ నమోదు కాలేదు. ఒక్క ఆల్టర్ (టేబుల్‌ను మార్చే ఎస్‌క్యూఎల్) వాక్యంతో పోయేదానికి రాత్రంతా జాగారం.

కొలను_కలువ:
జాగారం సరే, నేరం ఎవరిది కాపు గారూ? ఆ అమరికను నిజమైన కస్టమర్ల డేటా మీద వదలవచ్చా? పైథాన్ ఫ్రేమ్‌వర్క్ జాంగోలో 2014 నాటి 1.7 వెర్షన్ నుంచీ మైగ్రేషన్లు (టేబుల్ మార్పులను వరుసగా రాసిపెట్టే ఫైళ్లు) ఉన్నాయి. ఫీల్డ్ పేరు మారిస్తే ‘ఇది పేరు మార్పేనా’ అని అడుగుతుంది. చదవకుండా ఎంటర్ కొట్టారో, ‘కాదు’ అన్నట్టే లెక్క. పాత కాలమ్‌ను తీసేసి కొత్తది చేర్చమని ఫైలు రాసిపెడుతుంది. ఆ ఫైలు చదవనిదే నేను నడపను.

పాత_కాపు:
అంటే చివరికి డేటాబేస్‌లో ఏం జరుగుతుందో చూసుకోక తప్పదు! నేనన్నదీ అదే.

కొలను_కలువ:
ఒకచోట చూసుకోవడం వేరు, నలభై చోట్ల దిద్దడం వేరండీ.

వ్యూ_పక్షపాతి:
పొర కోడ్‌లోనే ఎందుకు ఉండాలి? డేటాబేస్‌లో వ్యూ (టేబుల్‌లా చదవగలిగే, పేరు పెట్టి దాచిన క్వెరీ) పెట్టండి. పోస్ట్‌గ్రెస్‌లో కింద టేబుల్ కాలమ్ పేరు మార్చినా వ్యూ పాత పేరే చూపిస్తుంది, రిపోర్టులకు ఆ సంగతే తెలియదు. అయితే కాలమ్ రకం మార్చబోతే ఆ వ్యూనే అడ్డుపడుతుంది. వ్యూ మీద వ్యూ కట్టుకుంటూ పోయి, ఒక్క కాలమ్ నిడివి పెంచడానికి ఏడు వ్యూలు కూల్చి మళ్లీ కట్టాం. అయినా నా ఓటు దానికే.

గోదావరి_గట్టు:
మా సీనియర్‌కు ఇదంతా చూపించాను. ‘ఫోన్’ కథ చదివి నవ్వారు. మైగ్రేషన్ ఫైళ్లకు ఒప్పుకున్నారు, ఓఆర్ఎంకు మాత్రం ససేమిరా. క్వెరీలన్నిటినీ ఒకే మాడ్యూల్‌లోకి చేరుస్తున్నాం. ఇప్పటికి అరవై మూడు తేలాయి, రిపోర్టుల ఫోల్డర్ ఇంకా తెరవనేలేదు.