ఏఎఫ్‌క్యాట్ ఫ్లయింగ్ బ్రాంచ్: మూడున్నర నెలలు వయసు దాటింది, మినహాయింపు ఎవరిని అడగాలి?

బాపట్ల కుర్రాడు:

అందరికీ నమస్తే. బీటెక్ మెకానికల్ చేశాను, 71 శాతం. ఇంటర్ ఎంపీసీ. ఎయిర్‌ఫోర్స్ ఆఫీసర్ల రాతపరీక్ష ఏఎఫ్‌క్యాట్ రాసి పైలట్ల ఫ్లయింగ్ బ్రాంచ్‌లోనే చేరాలి, గ్రౌండ్ డ్యూటీ మీద మనసు లేదు. టెన్త్ మెమోలో పుట్టిన తేదీ 14 మార్చి 2003 అని ఉంది. 2027 జులైలో మొదలయ్యే కోర్సుకి 2 జులై 2003 నుంచి పుట్టినవాళ్ళే అర్హులు. మూడున్నర నెలల తేడాతో పోతోంది.

అసలు నేను పుట్టింది ఆగస్టులో. స్కూల్లో వేసేటప్పుడు వయసు చాలదేమోనని మా తాతయ్య మార్చి అని రాయించేశారు. మున్సిపాలిటీ బర్త్ సర్టిఫికెట్‌లో ఆగస్టే ఉంది.

ఎయిర్ హెడ్‌క్వార్టర్స్‌కి అర్జీ పెడితే ఏజ్ వేవర్ (వయసు మినహాయింపు) ఇస్తారా? 2022లో అగ్నివీర్‌లకు 21 ఏళ్ళని 23 చేశారు కదా. నాకు బీసీ-డి సర్టిఫికెట్ కూడా ఉంది. ఇంకో విషయం, మా ఊళ్ళో ఒక కోచింగ్ ఆయన ఢిల్లీలో తెలిసినవాళ్ళున్నారు, డబ్బు కడితే వేవర్ లెటర్ తెప్పిస్తానంటున్నాడు. నాన్న కట్టేద్దామంటున్నారు. త్వరగా చెప్పండి ప్లీజ్.

సికింద్రాబాద్ రిటైర్డ్:

బాబూ, ముందు మీ నాన్నగారిని ఆపు. ఒక్క రూపాయి కూడా ఇవ్వొద్దు. అలాంటి లెటర్ అనేదే లేదు. ఎవరైనా తెచ్చి చేతిలో పెడితే అది దొంగ కాగితం. దాన్ని పట్టుకుని సెలక్షన్ బోర్డుకి వెళ్తే కేసు నీ మీద పడుతుంది.

ఇప్పుడు అసలు సంగతి. మన దగ్గర ఫ్లయింగ్ బ్రాంచ్‌కి వయసు 20 నుంచి 24. కోర్సు మొదలయ్యే రోజుకి లెక్క కడతారు, అప్లై చేసే రోజుకో పరీక్ష రోజుకో కాదు. దీనికి నోటిఫికేషన్‌లో రాసిన సడలింపు ఒక్కటే: పౌర విమానయాన సంస్థ డీజీసీఏ ఇచ్చిన, చెల్లుబాటులో ఉన్న కమర్షియల్ పైలట్ లైసెన్స్ (సీపీఎల్) ఉంటే 26 వరకూ. అంతకు మించి ఒక్కొక్కరి పరిస్థితి చూసి మినహాయించే పద్ధతి లేదు. ఒక్క రోజు తేడా అయినా ఆన్‌లైన్ ఫారమే నిన్ను ముందుకు పోనివ్వదు. అర్జీ రాస్తే మర్యాదగా ఒక జవాబు వస్తుందేమో, అంతకంటే ఏమీ రాదు.

అగ్నివీర్ సంగతి వేరు. కోవిడ్ వల్ల రెండేళ్ళు సైన్యంలో సిపాయిల భర్తీయే జరగలేదు. దేశమంతా గొడవలు మొదలయ్యాక 2022 జూన్ 16న ఆ ఒక్క ఏడాదికి 23 చేశారు. ఆ మర్నాడే మన సికింద్రాబాద్ స్టేషన్‌లో రైలు బోగీలు తగలబెట్టారు, గుర్తుండే ఉంటుంది. అది అందరికీ కలిపి ప్రభుత్వం తీసుకున్న నిర్ణయం, ఎవరో ఒకరు అర్జీ పెట్టుకుంటే వచ్చింది కాదు. పైగా ఆఫీసర్ ఎంట్రీలు ఆగలేదు. 2020లో కూడా ఏఎఫ్‌క్యాట్ అక్టోబరులో జరిగింది.

నల్గొండ యాస్పిరెంట్:

సార్, హైకోర్టులో రిట్ వేస్తే? మా సీనియర్ ఒకాయన ఆ ప్లాన్‌లో ఉన్నాడు.

సికింద్రాబాద్ రిటైర్డ్:

వేయొచ్చు, లాయర్‌కి ఫీజు వస్తుంది. వయసు పరిమితి విధాన నిర్ణయం కిందకి వస్తుంది, కోర్టులు సాధారణంగా అందులో వేలు పెట్టవు. సివిల్స్ రాసేవాళ్ళు కోవిడ్ వల్ల చివరి అటెంప్ట్ పోయింది, ఇంకొకటి ఇవ్వండి అని అడిగితే 2021 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు కొట్టేసింది. వాళ్ళ వాదన మీ సీనియర్ వాదన కంటే చాలా బలమైనది. పోనీ గెలుస్తాడనే అనుకుందాం. తీర్పు వచ్చేసరికి 26 కూడా దాటిపోతుంది.

చీరాల మాస్టారు:

బర్త్ సర్టిఫికెట్ గురించి నేను చెప్తాను. హైస్కూల్లో ముప్ఫై ఏళ్ళు పనిచేశాను, ఇలాంటి పిల్లలు ప్రతి బ్యాచ్‌లోనూ ఉండేవాళ్ళు. జూన్‌లో స్కూల్లో వేయడానికి నెలలు ముందుకి జరిపేసేవాళ్ళు. ఒక్కోసారి రాసే గుమాస్తాయే తోచిన తేదీ వేసేవాడు. ఎయిర్‌ఫోర్స్‌కి టెన్త్ మెమోలో ఉన్న తేదీయే ప్రమాణం. త్రివిధ దళాల ఆఫీసర్ల కోసం యూపీఎస్సీ పెట్టే సీడీఎస్ పరీక్ష నోటిఫికేషన్‌లో అయితే ఇంకా స్పష్టంగా ఉంటుంది: మెట్రిక్యులేషన్ సర్టిఫికెట్‌లోని తేదీ తప్ప ఇంకేదీ ఒప్పుకోం, తర్వాత మార్చమని అడిగినా మార్చం అని. మున్సిపాలిటీ కాగితం ఎంత నిజమైనా అక్కడ పనికిరాదు బాబూ. ఆధార్‌లో మార్పించుకుని ప్రయత్నించేవాళ్ళు కూడా ఉన్నారు, ఆ పని మాత్రం చేయకు. మెమోలో ఒకటి, ఆధార్‌లో ఒకటి ఉంటే రేపు పాస్‌పోర్టు దగ్గర కూడా తలనొప్పే.

బాపట్ల కుర్రాడు:

అర్థమైంది మాస్టారూ. బీసీ కోటా సంగతి ఎవరైనా చెప్పండి. గ్రూప్స్‌కి ఉంటుంది కదా.

సికింద్రాబాద్ రిటైర్డ్:

మన పిల్లలందరికీ వచ్చే అనుమానమే ఇది. తెలంగాణలో 2022లో యూనిఫాం లేని ఉద్యోగాలకి 34ని ఏకంగా 44 చేశారు, పైన కులం సడలింపు వేరే. దాంతో గవర్నమెంటు ఉద్యోగమంటే వయసు సాగుతుంది అన్న నమ్మకం ఏర్పడిపోయింది. ఆర్మీ, నేవీ, ఎయిర్‌ఫోర్స్ ఆఫీసర్ ఎంట్రీల్లో కుల రిజర్వేషన్ లేదు, దాని పేరిట వయసు సడలింపూ లేదు. ఎన్‌సీసీ ‘సి’ సర్టిఫికెట్ ఉంటే స్పెషల్ ఎంట్రీలో రాతపరీక్ష తప్పుతుంది, వయసు మాత్రం అదే 24.

ఒక చిన్న తలుపు మాత్రం ఉంది. కోస్ట్ గార్డ్. అది కూడా రక్షణ శాఖ కిందే ఉన్నా, అసిస్టెంట్ కమాండెంట్ పోస్టుల్లో రిజర్వేషన్ పాటిస్తారు. జనరల్ డ్యూటీకి 21 నుంచి 25, ఓబీసీకి పైన మూడేళ్ళు, ఎస్సీ, ఎస్టీలకి ఐదేళ్ళు. వాళ్ళ పైలట్లు జనరల్ డ్యూటీ బ్రాంచ్ నుంచే వస్తారు. చేరిన ప్రతివాడినీ పైలట్ చేయరు, పోటీ కూడా గట్టిగానే ఉంటుంది. అయినా బీసీ పేరిట నీకు చట్టబద్ధంగా వయసు కలిసొచ్చే చోటు నాకు తెలిసి అదే. రాష్ట్రంలో బీసీ అయితే చాలదు, మీ కులం కేంద్రం ఓబీసీ జాబితాలో ఉందో లేదో చూసుకో. ఉంటే కేంద్ర ఉద్యోగాల ఫార్మాట్‌లో నాన్ క్రీమీలేయర్ సర్టిఫికెట్ ఇప్పుడే తీసుకుని పెట్టుకో. చివరి వారంలో తహసీల్దారు ఆఫీసు చుట్టూ తిరగడం నావల్ల కాదు, నీవల్లా కాదు.

బేగంపేట సీపీఎల్:

తమ్ముడూ, సీపీఎల్ దారి గురించి నేను చెప్తా. నేనిప్పుడు అందులోనే ఉన్నాను. ముందు క్యాలెండర్ చూడు. నీ తేదీకి 26 లెక్క వేస్తే నువ్వు చేరగలిగే ఆఖరి కోర్సు 2029 జనవరిది. దానికి నోటిఫికేషన్ 2027 డిసెంబరు ప్రాంతంలో వస్తుంది. ఆలోగా లైసెన్స్ చేతిలో ఉండాలి. ‘ట్రైనింగ్‌లో ఉన్నాను’ అంటే లెక్కలోకి రాదు. అంటే నీకున్నది ఏడాదిన్నర కంటే తక్కువే.

ఆ ఏడాదిన్నరలో ఏమేం కావాలో విను. క్లాస్ టూ మెడికల్, తర్వాత క్లాస్ వన్. నావిగేషన్, మెటియరాలజీ, రెగ్యులేషన్స్, టెక్నికల్ పేపర్లు. రేడియో లైసెన్స్. ఇవి కాక 200 గంటల ఫ్లయింగ్. కాగితం మీద అయిపోతుంది. బయట మాత్రం వర్షాకాలం వస్తుంది, విమానం మెయింటెనెన్స్‌కి పోతుంది, ఇన్‌స్ట్రక్టర్ మానేస్తాడు. మా బ్యాచ్‌లో ఏడాదిన్నరలో ముగించినవాళ్ళు ఉన్నారు కానీ తక్కువ. ఖర్చు అర కోటికి అటూఇటూ. నిజం చెప్పాలంటే ఎయిర్‌ఫోర్స్ కోసమే సీపీఎల్ చేస్తానంటే నేను వద్దంటాను. ఎయిర్‌లైన్‌లో ఎగరడం కూడా ఇష్టమే, ఎయిర్‌ఫోర్స్ వస్తే ఇంకా సంతోషం అనుకునేవాడికైతే సరిపోతుంది.

నల్గొండ యాస్పిరెంట్:

అక్క చెప్పినదానికి ఒకటి కలుపుతా. సీపీఎస్‌ఎస్, అంటే పైలట్ పనికి సరిపోతామో లేదో సెలక్షన్ బోర్డులో మెషీన్ మీద పెట్టే టెస్ట్. మైసూరు బోర్డులో నా ఇంటర్వ్యూ బాగానే అయింది, ఆ మెషీన్ దగ్గర పోయింది. ఆ టెస్ట్ జీవితంలో ఒక్కసారే. ఒకసారి ఫెయిలైతే ఫ్లయింగ్ బ్రాంచ్‌కి మళ్ళీ అర్హత లేదు. నాకు వయసు ఇంకా ఉంది, అయినా దారి మూసుకుపోయింది. సీపీఎల్ తెచ్చుకున్నా లాభం లేదు, 200 గంటలు ఎగిరినవాడైనా సరే. కాబట్టి తమ్ముడు ఇంతకుముందు ఎప్పుడైనా బోర్డుకి వెళ్ళాడా, సీపీఎస్‌ఎస్ దాకా వచ్చాడా అన్నది ముందు చెప్పాలి.

బాపట్ల కుర్రాడు:

ఒకసారి డెహ్రాడూన్ బోర్డుకి వెళ్ళానన్నా. మొదటి రోజే స్క్రీన్ అవుట్, వడపోతలోనే పంపేశారు. సీపీఎస్‌ఎస్ దాకా రాలేదు.

నల్గొండ యాస్పిరెంట్:

అయితే నువ్వు లక్కీ. నీ ఛాన్స్ ఇంకా మిగిలే ఉంది.

టెక్సాస్ బాబాయ్:

ఈ ‘ఏజ్ వేవర్’ అన్న మాట మన పిల్లలు యూట్యూబ్‌లో అమెరికా వీడియోలు చూసి పట్టుకుంటున్నారు. ఇక్కడ అది నిజంగానే ఉంది. అమెరికా ఎయిర్‌ఫోర్స్‌లో 33 నిండకముందే పైలట్ ట్రైనింగ్ మొదలవ్వాలి. అది దాటితే ఎక్సెప్షన్ కోరుతూ ఒక ఫైలు పైకి పంపుతారు. ఎయిర్ నేషనల్ గార్డ్, రిజర్వ్ యూనిట్లలో అయితే, వాళ్ళు నిన్ను కావాలనుకుంటే కమాండర్ సంతకంతో ఫైలు కదులుతుంది. నువ్వు ఒక్కడివే రాస్తే కదలదు. ఇంకో సంగతి, ఆఫీసర్ కావాలంటే అమెరికా పౌరసత్వం ఉండాలి. హెచ్-వన్ మీద ఉన్నవాళ్ళు, గ్రీన్‌కార్డు వాళ్ళు కూడా ఇన్‌బాక్స్‌లో అడుగుతున్నారు, అందుకే ఇక్కడ చెప్తున్నా: పైలట్ సీటు కుదరదు. పౌరసత్వం వచ్చేసరికి ముప్ఫైలు దాటిపోతున్నాయి, అదే ఇక్కడి మనవాళ్ళ అసలు సమస్య.

బాపట్ల కుర్రాడు:

అందరికీ థాంక్స్. నాన్నకి చదివి వినిపించాను. కోచింగ్ ఆయనకి కట్టడం లేదు. ఇప్పుడు ఆయన కొత్త పాట ఎత్తుకున్నారు, రేపల్లె దగ్గర ఎకరంన్నర అమ్మి సీపీఎల్‌లో వేద్దామంటున్నారు. నాకు టెన్షన్‌గా ఉంది. కళ్ళద్దాలున్నాయి, మైనస్ ఒకటి. క్లాస్ వన్ మెడికల్‌కి అద్దాలు ఓకే అన్నారు ఫ్లయింగ్ స్కూల్ వాళ్ళు.

సికింద్రాబాద్ రిటైర్డ్:

ఇది మొదటి పోస్టులోనే చెప్పాల్సింది నాయనా! స్కూల్ వాళ్ళు చెప్పింది నిజమే, కానీ అది డీజీసీఏ మెడికల్. ఎయిర్‌లైన్ పైలట్‌కి అద్దాలు పర్వాలేదు. ఎయిర్‌ఫోర్స్ ఫ్లయింగ్ బ్రాంచ్‌కి మయోపియా, అంటే నీకున్న మైనస్ సైటు, ఉండకూడదు. ఒక కన్ను 6/6, రెండోది 6/9 ఉండాలి, అదీ హైపర్‌మెట్రోపియా (ప్లస్ సైటు) అయితేనే అద్దాలతో సరిదిద్దుకోవచ్చు. లేజర్ ఆపరేషన్ చేయించుకుంటే ఒప్పుకునే నిబంధనలు ఉన్నాయి కానీ వాటికి చాలా షరతులు. ముందు మంచి కంటి డాక్టర్ దగ్గర పూర్తి రిపోర్టు తీసుకుని, దాన్ని నోటిఫికేషన్‌లోని మెడికల్ అపెండిక్స్‌తో పక్కపక్కన పెట్టి చూసుకో. ఇంట్లో గోడకి ఆనుకుని కాళ్ళ పొడవు కూడా కొలుచుకో, 99 నుంచి 120 సెంటీమీటర్ల మధ్య ఉండాలి. తొడ 64 దాటకూడదు. ఎత్తు కనీసం 162.5.

ఇవి తేలేదాకా ఎకరం జోలికి పోవద్దని మీ నాన్నగారికి నా మాటగా చెప్పు. ఈలోపు గ్రౌండ్ డ్యూటీకి 26 వరకూ వయసుంది, మెకానికల్ కాబట్టి టెక్నికల్ బ్రాంచ్ కూడా చూసుకో. ఇష్టం లేకపోయినా 2027 జులై కోర్సు ఫారమ్ మాత్రం నింపేయ్. కంటి రిపోర్టు వచ్చాక ఇక్కడే పెట్టు, పేరు, నంబర్లు చెరిపేసి.

బాపట్ల కుర్రాడు:

సరే సార్. సోమవారం గుంటూరు వెళ్తున్నాను కళ్ళు చూపించుకోవడానికి. కొలతలు ఇప్పుడే తీశాను, కాళ్ళు 106.