పల్కరహు మంచు కరిగితే ఖర్చు ఎవరు భరించాలి?

శిఖరదర్శి: పెరూలోని వరాస్ నగరానికి ఎగువన, 6,274 మీటర్ల పల్కరహు హిమశిఖరం పాదాల వద్ద పల్కకోచా సరస్సు ఉంది. 1941 డిసెంబరు 13న దాని గట్టు తెగి, నగరంలో కనీసం 1,800 మంది మరణించారు. హిమనీనదం కరిగి సరస్సు మళ్లీ పెరగడంతో, స్థానిక రైతు, పర్వత మార్గదర్శి సావుల్ లుసియానో లియూయా జర్మనీ విద్యుత్ సంస్థ ఆర్‌డబ్ల్యూఈపై 2015లో దావా వేశారు. భూమిని వేడెక్కించే వాయువుల ప్రపంచ పారిశ్రామిక ఉద్గారాలలో ఆ సంస్థ వాటాగా లెక్కకు వచ్చింది 0.47 శాతం; రక్షణ పనుల ఖర్చులో అంతే వంతు, అంటే సుమారు 17,000 యూరోలు, ఇవ్వాలన్నది ఆయన కోరిక. జర్మనీలోని హామ్ నగర అప్పీలు న్యాయస్థానం 2025 మే 28న దావాను కొట్టివేసింది. ఈ తీర్పు న్యాయమేనా?

తులాధరుడు: న్యాయమే. ముప్పై ఏళ్లలో వరద ఆయన ఇంటిని తాకే అవకాశం ఒక శాతమేనని కోర్టు నిపుణులు తేల్చారు. ఆస్తికి ఆసన్నమైన ముప్పు లేనప్పుడు పౌర న్యాయస్థానం ఏమి ఇప్పించగలదు?

నదీతీరి: తులాధరుడు గారు తీర్పులో సగమే చెప్పారు. ఉద్గారాలు వెలువడిన చోటు వేల కిలోమీటర్ల దూరంలో ఉన్నంత మాత్రాన బాధ్యత తప్పదని, పెద్ద ఉద్గారకులను జర్మనీ పౌర చట్టం కింద బాధ్యులను చేయవచ్చని అదే న్యాయస్థానం చెప్పింది. పొరుగువాడి చెట్టు మన గోడపైకి ఒరిగినప్పుడు ఆశ్రయించే చట్టాన్నే ఇంత దూరానికి వర్తింపజేయడం చిన్న విషయం కాదు. ఇక ఆ ఒక శాతం సంగతి. వాలుల లోపల గడ్డకట్టిన నేల కరిగితే మంచుతోపాటు కొండరాళ్లు కూడా సరస్సులోకి కూలి అలలు లేపగలవని, ఆ ప్రమాదాన్ని కోర్టు నిపుణులు తగినంతగా లెక్కించలేదని వాది పక్షం అభ్యంతరం చెప్పింది. నా అభ్యంతరం వేరు: దిగువన ఒక నగరమే ఉండగా, ప్రమాదాన్ని ఒకే ఇంటి గుమ్మం దగ్గర కొలవడం చట్టం చట్రానికి సరిపోతుందేమో గానీ సరస్సు స్వభావానికి సరిపోదు.

తులాధరుడు: ఆ చట్రమే దావాకు ఆధారం కూడా కదండీ. సూత్రం గెలిచిందనే అనుకుందాం. మిగిలిన 99.53 శాతానికి ఎన్ని సంస్థలపై, ఎన్ని దేశాలలో, ఒక్కొక్కటీ పదేళ్లు సాగే దావాలు వేయాలి? 2011 నుంచి సైఫన్ గొట్టాలతో నీటిమట్టాన్ని తగ్గిస్తూ వస్తున్నారు. గట్టును పటిష్ఠం చేసే పని పెరూ ప్రభుత్వానిది. ఆ ఖర్చును ఉద్గార దేశాల నుంచి రాబట్టాల్సింది కూడా ఆ ప్రభుత్వమే.