గుంటూరు నుంచి చెన్నై రేస్ ట్రాక్‌కు స్పోర్ట్స్ కారు: ఇన్నోవా లాగగలదా, వేరే బండి కొనాలా?

ప్రశ్న (గుంటూరు, కొరిటెపాడు):

అందరికీ నమస్కారం. నా దగ్గర సెకండ్ హ్యాండ్‌లో తీసుకున్న పోర్షే 718 బాక్‌స్టర్ ఉంది. ఏడాదికి నాలుగైదు సార్లు శ్రీపెరుంబుదూరు దగ్గర ఇరుంగాట్టుకోట్టై ట్రాక్‌కు వెళ్తాను. ఇంతవరకు కారును నడుపుకుంటూనే వెళ్లి వచ్చాను. పోయినసారి మలుపులో నా పొరపాటు వల్ల చక్రం రాళ్లలోకి దిగి టైరు చీలింది. ఆ కొలత టైరు దొరికేదాకా రెండు రోజులు అక్కడే ఉండిపోయాను. ఇకమీదట కారును వెనక ట్రైలరు మీద పెట్టుకుని, ఇంటిల్లిపాదీ ముందు బండిలో కూర్చుని వెళ్దామని ఆలోచన.

ఇంట్లో ఇన్నోవా క్రిస్టా డీజిల్ ఉంది. మా పెదనాన్నగారి అబ్బాయి ఇన్నోవా దేన్నైనా లాగుతుందంటున్నాడు. మరొకరు ఫార్చ్యూనర్ కంటే తక్కువ బండి పనికిరాదంటున్నారు. హైలక్స్, వీ-క్రాస్, స్కార్పియో ఎన్ పేర్లు కూడా విన్నాను. ఏది సరైనదో అనుభవం ఉన్నవారు చెప్పగలరు.

విజయవాడ ఆటోనగర్ నుంచి:

సర్, నేను ఇరవై ఆరేళ్లుగా లారీ బాడీలు, ట్రైలర్లు కడుతున్నాను. లాగడం గురించి మీరు బెంగ పెట్టుకోవద్దు. క్రిస్టా డీజిల్ ఇంజను 343 న్యూటన్ మీటర్ల టార్కు ఇస్తుంది. పదహారో నంబరు జాతీయ రహదారి మనవైపు చాలావరకు చదునుగానే ఉంటుంది కాబట్టి రెండు టన్నుల ట్రైలరును అది కదిలిస్తుంది, ఎనభై వేగానికి కూడా తీసుకువెళ్తుంది. నా బెంగంతా ఆపడం గురించి. మీ ముందు లారీవాడు హఠాత్తుగా బ్రేకు వేస్తే వెనకనుంచి ఆ రెండు టన్నులు ఇన్నోవాను నెట్టుకుంటూ వస్తాయి.

అందుకే బండి కొనే ముందు ట్రైలరు సంగతి తేల్చుకోండి. దానికి సొంత బ్రేకులు ఉండి తీరాలి. ముందు బండి తగ్గగానే ట్రైలరు ముందుకు తోసుకువచ్చే ఒత్తిడితోనే పట్టుకునే బ్రేకులు ఒక రకం. ముందు బండిలో పెట్టిన కంట్రోలరు నుంచి కరెంటుతో పట్టుకునేవి ఇంకో రకం. ఏదైనా మంచిదే, కానీ ఉండాలి. విదేశాల్లో ఇదే తరగతి బండ్లకు రెండు పరిమితులు రాస్తారు. బ్రేకులు లేని ట్రైలరైతే 750 కిలోలు. బ్రేకులు ఉంటే ఆస్ట్రేలియాలో హైలక్స్ డీజిల్ ఫోర్ వీల్ డ్రైవ్‌కు, డీ-మ్యాక్స్‌కు (మన దగ్గర వీ-క్రాస్) 3500, ఫార్చ్యూనర్‌కు 3100, అక్కడ అమ్మే స్కార్పియోకు 2500 కిలోలు. ఇంజను అదే, చట్రం అదే, తేడా అంతా ట్రైలరు బ్రేకులదే. అయితే ఆ అంకెలు ఆ దేశపు బండికి, అక్కడ కంపెనీ బిగించిన, ట్రైలరు తగిలించే కొక్కానికి వర్తిస్తాయి. మీ బండితో వచ్చిన పుస్తకంలో టోయింగ్ పేజీ తీసి చదవండి. అక్కడ ట్రైలరు లాగవద్దని ఉంటే ఆ బండిని పక్కన పెట్టేయండి. పక్కింటివారు లాగారు కదా అని మీరు లాగకండి.

అంతకంటే ముందు మీ కారును కాటా వేయించండి. కంపెనీ లెక్కలో 718 బాక్‌స్టర్ పీడీకే (ఆటోమేటిక్) గేరుబాక్సుతో 1365 కిలోలు. పెట్రోలు, మీ సామాను కలిపితే అంతకు మించే ఉంటుంది. మొత్తం బరువుతో పాటు ముందు చక్రాల బరువు, వెనక చక్రాల బరువు విడివిడిగా తీయించండి. అలాగే ముందు బంపరు అంచు నేలకు ఎంత ఎత్తులో ఉంది, ముందు టైరు నేలను తాకే చోటి నుంచి ఆ అంచు ఎంత దూరంలో ఉంది, ఇవి టేపుతో కొలిచి రాయండి. అప్పుడు నికరంగా మాట్లాడుకోవచ్చు.

ఒంగోలు నుంచి:

పై జవాబులో చెప్పిన ప్రతి మాటా నిజం. నేను ఒక పాత జీపును ట్రైలరు మీద పెట్టి, ముందు చక్రాలకూ వెనక చక్రాలకూ మధ్య దూరం తక్కువగా ఉన్న పొట్టి బండితో కావలి మీదుగా తీసుకువెళ్లాను. జీపును వెనక్కి జరిపి కట్టడం నేను చేసిన తప్పు. వేగం డెబ్బై ఐదు. ఒక పెద్ద బస్సు కుడివైపు నుంచి దాటుకుపోయింది. ఆ గాలికి ముందు స్టీరింగు చేతిలో తేలికైపోయింది. అద్దంలో చూస్తే ఒకసారి ట్రైలరు ఎడమ లైటు, మరుక్షణం కుడి లైటు కనబడుతున్నాయి. బ్రేకు మీద కాలు వేయలేదు, స్టీరింగు తిప్పి సరిచేయబోలేదు. యాక్సిలరేటరు మీది నుంచి మెల్లగా కాలు తీసి స్టీరింగును తిన్నగా పట్టుకున్నాను. యాభైకి వచ్చాక ఊగడం ఆగింది. పక్కకు తీసి ఆపిన తరువాత పావుగంటసేపు బండి దిగలేకపోయాను.

మన ట్రాక్టరు తోలేవాళ్లకు ఇది తెలిసిన విషయమే. వెనక ట్రక్కులో మిర్చి టిక్కీలన్నీ (బస్తాలన్నీ) వెనక అంచున వేస్తే ముందు కొక్కెం పైకి లేస్తుంది, ట్రాక్టరు వెనక చక్రాలు నేలను సరిగా పట్టుకోవు. పాతిక వేగంలో డ్రైవరు దాన్ని కాచుకోగలడు. ఎనభైలో కాచుకునే సమయం ఉండదు.

కాబట్టి పొడవైన బండి తీసుకోండి. హైలక్స్‌కు చక్రాల మధ్య దూరం 3085 మిల్లీమీటర్లు, క్రిస్టాకు 2750. ఆ అడుగు పైచిలుకు తేడా గాలివానలో తెలుస్తుంది.

గుంటూరు నుంచి (రవాణా శాఖలో పనిచేసి రిటైరైనవారు):

చట్టం సంగతి చెబుతాను, ఎందుకంటే టోల్ గేటు దగ్గర ఆపినప్పుడు ఇదే అడుగుతారు. మోటారు వాహనాల చట్టం, 1988 ప్రకారం ట్రైలరుకు కూడా రిజిస్ట్రేషన్ ఉండాలి, దానికి సొంత నంబరు వస్తుంది. దాన్ని లాగే బండి నంబరు ట్రైలరు మీద కూడా కనబడాలి. షెడ్డులో ఎవరో కట్టి ఇచ్చిన నంబరు లేని ట్రైలరుతో రోడ్డెక్కవద్దు. కట్టించే ముందే ఆర్టీవో కార్యాలయానికి వెళ్లి ఏ ఆమోదాలు కావాలో అడగండి. కట్టేశాక వెళ్తే పని రెట్టింపవుతుంది.

తాడుతోనో కడ్డీతోనో కారును దాని చక్రాల మీదే లాక్కుపోవడం వేరే విషయం. అది చెడిపోయిన బండిని దగ్గరలోని మరమ్మతు చోటికి చేర్చడానికి మాత్రమే. రెండు బండ్ల మధ్య దూరం ఐదు మీటర్లు దాటకూడదు, వేగం గంటకు 25 కిలోమీటర్లు మించకూడదు. చెన్నై దాకా అలా వెళ్లే ప్రశ్నే లేదు.

లైసెన్సు గురించి బెంగ అక్కరలేదు. తేలికపాటి వాహనం (ఎల్ఎంవీ) అంటే 7500 కిలోల లోపు. మీ బండి, ట్రైలరు, కారు మూడూ కలిపినా ఐదు టన్నులు దాటవు. 7500 కిలోల లోపు రవాణా వాహనాన్ని కూడా ఎల్ఎంవీ లైసెన్సుతో నడపవచ్చని సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం 2024 నవంబరులో స్పష్టం చేసింది.

బీమా మాత్రం జాగ్రత్త. మామూలు కారు పాలసీలో పందేలకు, వేగ పరీక్షలకు వాడితే వర్తించదని రాసి ఉంటుంది. ట్రాక్ మీద జరిగిన నష్టం మీదే. దారిలో ట్రైలరు మీద ఉండగా జరిగే నష్టానికి వర్తిస్తుందో లేదో బీమావారి దగ్గర కాగితం మీద రాయించుకోండి.

ప్రశ్న అడిగినవారు:

అందరికీ ధన్యవాదాలు. ఈ ఉదయం మిర్చి యార్డు వైపు ఉన్న కాటా దగ్గరికి వెళ్లాను. టిక్కీల లారీల మధ్య ఈ కారును చూసి కాటా అతను మొదట నమ్మలేదు, తరువాత ఎంతో శ్రద్ధగా తూచాడు. సగం ట్యాంకు పెట్రోలు, పనిముట్ల పెట్టెతో మొత్తం 1420 కిలోలు. ముందు చక్రాలు 640, వెనక 780. బంపరు అంచు ఎత్తు 12 సెంటీమీటర్లు. టైరు తాకే చోటి నుంచి అంచుకు 90 సెంటీమీటర్లు. ఇన్నోవా పుస్తకం కూడా చదివాను. ఈ బరువు దాని పని కాదని అర్థమైంది.

విజయవాడ ఆటోనగర్ నుంచి:

చాలా మంచి పని చేశారు. ఇప్పుడు లెక్క చూద్దాం.

రెండు యాక్సిళ్ల ట్రైలరు 700 కిలోలు వేసుకోండి. కారుతో కలిపి 2120. ఇందులో సుమారు ఏడు నుంచి పది శాతం, అంటే 150 నుంచి 200 కిలోల దాకా కొక్కెం మీద పడాలి. తక్కువైతే ఒంగోలు మిత్రులు చెప్పిన ఊగుడు వస్తుంది. ఎక్కువైతే ముందు బండి వెనక కూలబడి స్టీరింగు తేలిపోతుంది. కొక్కానికి, ముందు బండి వెనక భాగానికి అంత బరువు మోసే అనుమతి ఉందో లేదో కూడా పుస్తకంలో చూసుకోవాలి.

మీ కారుకు ఇంజను సీట్ల వెనక ఉంది. మీ కాటా చీటీ కూడా అదే చెబుతోంది, వెనక 55 శాతం. దాని బరువు కేంద్రం కారు నడిమికి 12 సెంటీమీటర్లు వెనక ఉంది. అందువల్ల కారు నడిమిని రెండు యాక్సిళ్ల నడిమికి సరిగ్గా కలిపి నిలబెడితే కంటికి చక్కగా ఉంటుంది కానీ కొక్కెం మీద బరువు 40 కిలోల వరకు తగ్గిపోతుంది. కొక్కెం నుంచి యాక్సిళ్లకు నాలుగు మీటర్లుంటే కారును పది సెంటీమీటర్లు ముందుకు జరిపినప్పుడల్లా కొక్కెం మీద 35 కిలోలు పెరుగుతాయి. మీకు సుమారు 40 సెంటీమీటర్లు ముందుకు రావాలి. ట్రైలరు కట్టేటప్పుడే ముందు ఆ జాగా వదలాలి, చక్రాలు ఆగే దిమ్మలను అక్కడే బిగించాలి. తరువాత ట్రైలరును సమంగా నిలబెట్టి, దాని ముందు చిన్న చక్రాన్ని మాత్రమే కాటా మీద పెట్టి తూచండి. ఆ అంకే కొక్కెం బరువు. కారు ముఖం ముందుకే ఉండనివ్వండి. మీది బట్ట పైకప్పు కాబట్టి వెనకనుంచి గాలి దూరకూడదు.

ఇక ర్యాంపు. 90కి 12 అంటే ఏడున్నరకు ఒకటి వాలు. అంతకంటే నిటారుగా ఉంటే బంపరు తగులుతుంది. ట్రైలరు తలం 60 సెంటీమీటర్ల ఎత్తుంటే ర్యాంపు నాలుగున్నర మీటర్లు కావాలి. అంత పొడవు రేకులు మోసుకు తిరగలేరు. అందుకని వెనకకు వంగే తలం కట్టించుకుని, దాని కింది అంచు దగ్గర రెండు టేకు చెక్కలు వేసుకోండి. ఈ ఒక్క సంగతి చూసుకోక బంపర్లు పగలగొట్టుకుని నా దగ్గరకు వచ్చినవారు ఉన్నారు.

బెల్టులు టైర్ల మీదుగా వేయాలి, సస్పెన్షన్ చేతులకు కట్టకూడదు. టైరును పట్టుకుంటే కారు తన స్ప్రింగుల మీద తాను ఆడుతుంది, బెల్టు వదులవ్వదు. చిలకలూరిపేట రాగానే ఆపి మళ్లీ బిగించండి. కొత్త బెల్టులు మొదటి ముప్పై, నలభై కిలోమీటర్లలో తప్పక సాగుతాయి.

బండి విషయానికి వస్తే, మీ 2120 కిలోలకు నా ఎంపిక హైలక్స్ లేదా వీ-క్రాస్. పొడవుంది, చట్రముంది, వెనక సామానుకు చోటుంది. ఇంటిల్లిపాదీ వెళ్లాలంటే ఫార్చ్యూనర్. స్కార్పియో ఎన్ ఈ బరువుకు సరిపోతుంది కానీ మిగులు తక్కువ. ఏది తీసుకున్నా దాని పుస్తకం ఒప్పుకోవాలి. ఎనభై దాటవద్దు. అరవై నుంచి ఎనభైకి వెళ్లినందుకే బ్రేకులు పీల్చుకోవలసిన శక్తి దాదాపు 1.8 రెట్లవుతుంది.

తెనాలి నుంచి:

ఏడాదికి నాలుగైదు సార్ల కోసం అంత ఖరీదైన బండి, దాని పైన ట్రైలరు ఎందుకండీ? తలం వెనక్కి జారి నేలకు దిగే లారీని అద్దెకు తీసుకుంటే సరిపోదా?

విజయవాడ ఆటోనగర్ నుంచి:

నిజాయితీగా చెప్పాలంటే నేనూ అదే చెప్పేవాణ్ణి. ట్రైలరు కడితే నాకు పని దొరుకుతుంది, అయినా చెబుతున్నాను. కారు లారీ మీదే ఉంటే ఊగుడు లేదు, కొక్కెం లెక్క లేదు, వెనక్కి తీసేటప్పుడు మడత పడడం లేదు. ముందు చక్రాలనో వెనక చక్రాలనో ఎత్తి లాక్కుపోయే క్రేన్ బండి మాత్రం పంపవద్దని గట్టిగా చెప్పండి. తలం పూర్తిగా జారేది, మీ బంపరుకు తగిన వాలు ఇచ్చేది అయి ఉండాలి. బయలుదేరే ముందు వెళ్లి టేపుతో కొలిచి చూసుకోండి.

నెలకోసారి వెళ్లేవారికి సొంత ట్రైలరు గిట్టుబాటవుతుంది. మీకు ఇప్పుడు కాదు.

ప్రశ్న అడిగినవారు:

అలాగే చేస్తాను. వచ్చే ట్రాక్ రోజుకు కారును లారీ మీద పంపి, మేం ఇన్నోవాలో వెనక వెళ్తాం. చెన్నై ఊళ్లోకి వెళ్లకుండా ఔటర్ రింగు రోడ్డు మీదుగా పొమ్మని డ్రైవరుకు చెబుతాను. ఏడాది గడిచాక ఎన్నిసార్లు వెళ్లానో చూసుకుని ట్రైలరు సంగతి మళ్లీ అడుగుతాను. శనివారం ఆటోనగర్ వచ్చి ఒకసారి లారీ తలం వాలు మీతో కలిసి కొలవవచ్చా?

విజయవాడ ఆటోనగర్ నుంచి:

తప్పకుండా రండి. ఉదయం పది లోపు వస్తే ఎండ పడకముందే ఎక్కించి, దించి చూడవచ్చు. కారు పనిముట్ల సంచిలో మరలాగా తిప్పి బిగించే టో కొక్కెం ఉంటుంది, అది ఉందో లేదో ఇంటి దగ్గరే చూసుకుని తెచ్చుకోండి. అది లేకపోతే కారును లారీ మీదికి లాగే వించి తాడు తగిలించడానికి మీ కారుకు చోటే ఉండదు.